నాలుగు హద్దులూ తిరిగే లాయరమ్మ

తిరుచానూరులో పూలమ్మే అలివేలమ్మకు లాయర్ని వెతుక్కోవాల్సిన రోజొకటి వస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేది. కోర్టు గడప తొక్కకుండా బతుకు గడిచిపోతే చాలనుకునే మనిషి. కానీ తొంభై ఆరులో, ఆమె ఇరవై ఏళ్లుగా అద్దెకుంటున్న రెండు గదులూ పడగొట్టి లాడ్జి కడతానని ఇంటి యజమాని చెప్పేశాడు. వైశాఖం దాటేలోపు ఖాళీ చెయ్యాలన్నాడు. అప్పటికే ఊళ్లో వీధికో లాడ్జి లేస్తోంది. యాత్రికులకు గదులు దొరుకుతున్నాయి గానీ, ఆ యాత్రికులకు పూలమ్మేవాళ్లకు ఇళ్లు దొరకడం లేదు.

భర్త పోయి తొమ్మిదేళ్లయింది. కూతురు నవీన ఇంటర్మీడియట్ చదువుతోంది. ఇక అద్దె కొంపలు వద్దు, చిన్నదైనా సొంతిల్లు ఉండాలని అలివేలమ్మ పట్టుబట్టింది. వెతగ్గా వెతగ్గా అదే ఊళ్లో వెనక వీధిలో ఒక పాత మిద్దె అమ్మకానికి ఉందని తెలిసింది. ముందు పంచ, రెండు గదులు, పెరట్లో జామ చెట్టు. ఇల్లు కట్టించిన మునెయ్య చనిపోయి మూడేళ్లు. ఆయన కొడుకు ధర్మేంద్ర చిత్తూరులో బెల్లం మండీలో గుమాస్తా. తల్లి దేవకమ్మను తన దగ్గరికి తీసుకుపోయి ఇల్లు అమ్మేద్దామనుకున్నాడు. అలివేలమ్మ చూడగానే మనసు పారేసుకుంది. మర్నాడే మంచిరోజని చెప్పి అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంది. మంచిరోజు దాటిపోతుందని ముందు డబ్బిచ్చేసి, ఆ తర్వాత తీరిగ్గా కాగితాలు చూపించుకోవడం మన వైపు అందరికీ ఉన్న జబ్బే. ఆమెనొక్కదాన్నీ తప్పుపట్టి లాభం లేదు.

కాగితాలు ఎవరికి చూపించాలి? బ్రోకరు తడుముకోకుండా చెప్పాడు. "మా వకీలుంటాడు గదమ్మా. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ ఆయనొక్కడే. నీకు ఖర్చు కలిసొస్తాది." ఆ వకీలు దస్తావేజుల కట్ట చేతిలోకి తీసుకుని, టీ తాగడం అయ్యేలోపు తిరిగిచ్చి, "బ్రహ్మాండంగా ఉండాయి" అన్నాడు. అలివేలమ్మ టీ చల్లారేంత సేపు కూడా కాలేదని గమనించింది.

తిరుపతిలో పెద్ద పేరున్న ఇంకొకాయన దగ్గరికి వెళ్లింది. అక్కడ బయట బెంచీలే నాలుగున్నాయి, బెంచీల నిండా జనం. గుమాస్తా కాగితాలు ఉంచి వెళ్లమన్నాడు. ఆమె కట్టను అరటినారతో చుట్టి, మాలకు వేసే తన ముడి వేసి ఇచ్చింది. నాలుగు రోజుల తర్వాత వెళితే గుమాస్తా కట్ట చేతికిచ్చి "సార్ అంతా చూసినారు, ఓకే" అన్నాడు. అలివేలమ్మ బయటికొచ్చి ముడి చూసింది. తను వేసిన ముడి వేసినట్టే ఉంది. ముప్పై ఏళ్లుగా వేస్తున్న ముడి, దాన్ని విప్పి మళ్లీ అట్లాగే వేయగల మొగాడు ఆ ఆఫీసులో లేడని ఆమెకు బాగా తెలుసు. గుమాస్తాను ఒక్క మాట అనకుండా బస్సెక్కి వచ్చేసింది. కానీ ఆ రోజు ఆమెకు వచ్చిన కోపానికి పూలు కొనడానికొచ్చిన పెద్దావిడ కూడా బేరమాడకుండా పోయింది.

పక్కన కొబ్బరికాయలమ్మే ఓబయ్య నాలుగేళ్ల కిందట చంద్రగిరి దగ్గర ఇంటిస్థలం కొని పోగొట్టుకున్నాడు. ప్రభుత్వం పేదలకిచ్చిన పట్టా భూమి, అమ్మకూడనిది, కొనకూడనిది. అధికారులొచ్చి హద్దురాళ్లు పీకేసి పోయారు. అలివేలమ్మ ఆయన్ని అడిగింది. "అన్నా, నువ్వు అప్పుడు ఏ వకీలుకు చూపించినావు?"

"ఇద్దరికి చూపించినా మే. కోర్టెనక వీధిలో ఎస్తేరని ఒక లాయరమ్మ ఉండాది. ఆయమ్మ కొనొద్దని మొగం మీదే చెప్పింది. నాకు కోపమొచ్చి ఇంకొకాయన కాడికి పొయినా. ఆయన భేషుగ్గా ఉండాదన్నాడు." ఓబయ్య కత్తితో పీచు తీస్తూనే హెచ్చరించాడు. "నువ్వు మాత్రం ఆయమ్మ కాడికి పోవద్దు. పొయినోళ్లు ఎవురూ ఇల్లు కొనలా. కొననీదు ఆమె."

పోగొట్టుకున్నవాడు, పోగొట్టుకోవద్దన్న మనిషి మీద చాడీ చెప్పడం చూసి అలివేలమ్మకు నవ్వొచ్చింది. పూల బజార్లో ఆమె నేర్చుకున్నది ఒకటే. ఈ రోజు కనకాంబరాలు బాగాలేవక్కా, తీసుకోవద్దని చెప్పే అంగడి దగ్గరే ఆమె రేపు కళ్లు మూసుకుని కొంటుంది. సాయంత్రమే కోర్టు వెనక వీధికి బయల్దేరింది.

సైకిల్ షాపు మీద మేడ, మేడ మీద ఒక గది. బల్ల, రెండు కుర్చీలు, ఒక స్టూలు. కుర్చీలో నేత చీర కట్టిన నలభై అయిదేళ్ల మనిషి, కళ్లద్దాలకు దారం కట్టి మెళ్లో వేసుకుని ఉంది. అలివేలమ్మ ఇచ్చిన కట్ట ముడి విప్పి ఎస్తేరు చదవడం మొదలుపెట్టింది. చదివింది, చదివింది, చదువుతూనే ఉంది. కింద సైకిళ్ల చప్పుళ్లు ఆగిపోయాయి, షాపు మూసేశారు కూడా. అలివేలమ్మ కూర్చున్న చోటే కునికింది.

ఈ ఎస్తేరు సంగతి కొంచెం చెప్పాలి. పుత్తూరు పక్క పల్లెలో కూలి చేసుకునే ప్రేమానందం కూతురు. అయిదేళ్లు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ జీతంతో తిరుపతిలో లా చదివింది. నల్లకోటు వేసుకుని కోర్టుకు వస్తే ఒక్క కేసూ రాలేదు. ఆడమనిషి, పైగా ఏ వాడ నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. సీనియర్లు దయతలచి ఒక పని ఇచ్చారు. రిజిస్ట్రారాఫీసులో కూర్చుని దుమ్ముపట్టిన పాత పుస్తకాలు తిరగేసి, ఏ ఇల్లు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో రాసుకురావడం. పరువు తక్కువని ఎవరూ చెయ్యని పని. ఆమె ఆ పనే పదిహేనేళ్లు చేసింది. ఇళ్ల అమ్మకాల్లో ఎక్కడెక్కడ మోసం జరుగుతుందో, మనుషులు ఎక్కడెక్కడ తొందరపడతారో ఆ పుస్తకాలే ఆమెకు నేర్పాయి. పెద్ద వకీళ్లకు కోర్టులో వాదించడం వచ్చు. కోర్టు దాకా పోకుండా చెయ్యడం ఈమెకు వచ్చు. నన్నడిగితే రెండోదే గొప్ప విద్య. కాకపోతే పేరు రాదంతే.

చదవడం అయ్యాక ఎస్తేరు కళ్లద్దాలు తీసింది. "కాగితాల్లో తప్పేమీ లేదు అలివేలమ్మా. రిజిస్ట్రారాఫీసు నుంచి తెచ్చిన ముప్పై ఏండ్ల ఈసీ కూడా శుభ్రంగా ఉండాది, యాడా తాకట్టు లేదు. రేపు పొద్దన్నే ఇల్లు చూపించు."

"బాగుండాదంటివే, ఇంక ఇల్లేంటికమ్మా చూడను?"

"నేను చూసేది ఇంటిని కాదులే. చెక్కుబందీని." చెక్కుబందీ అంటే తూర్పున ఎవరిల్లు, పడమర ఏ వీధి అని దస్తావేజు చివర రాసే నాలుగు హద్దులు. "రిజిస్టరయిన సంగతులే ఈసీలో ఉంటాయి. రిజిస్టరు గాని సంగతులన్నీ పక్కింటోళ్ల కాడ ఉంటాయి."

మర్నాడు ఆమె గుడ్డ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. కొనబోయే ఇంటి వైపు ఒక్కసారి చూసి, పక్కిళ్లకు వెళ్లింది. దక్షిణాన పిండి మర. అక్కడ అరగంట కూర్చుని, ఊళ్లో కరెంటు కోతల గురించి మాట్లాడింది. ఉత్తరాన ఖాళీ జాగా, అందులో మేక కట్టేసుకున్న ముసలాయనతో మేక గురించి మాట్లాడింది. పడమర వీధిలో నిలబడి ఆ చివర్నుంచి ఈ చివరకి అడుగులు కొలిచింది. అలివేలమ్మ లోలోపల ఉడికిపోతోంది. ఫీజిచ్చింది మేక కబుర్లకా?

తూర్పున వరదయ్య ఇల్లు. ఆయన భార్య మంచినీళ్లిచ్చి, అరుగు మీద కూర్చోబెట్టింది. మాటల్లో ఎస్తేరు గోడ మీదికి వంగిన జామ కొమ్మను చూసి, కాయలు తియ్యగా ఉంటాయా అని అడిగింది.

"చక్కెరే అనుకోమ్మా. ధరణి పెట్టిన చెట్టు, దాని చేతి వాటం అట్లాంటిది."

"ధరణి ఎవరు?"

వరదయ్య భార్య నోరు నొక్కుకుంది. ఎస్తేరు తొందరపెట్టలేదు. నీళ్లు తాగి, ఇంకొంచెం పోయించుకుంది. చివరికి ఆ ఇల్లాలే గొంతు తగ్గించి చెప్పింది. ధరణి మునెయ్య కూతురు, ధర్మేంద్ర కంటే పెద్దది. పద్నాలుగేళ్ల కిందట కులం గాని అబ్బాయిని పెళ్లి చేసుకుని వడమాలపేట వెళ్లిపోయింది. మునెయ్య పట్టలేని కోపంతో, బతికున్న కూతురికి నీళ్లు వదిలి, తలస్నానం చేసి, ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదన్నాడు. అప్పట్నుంచి ఎవరూ ఎత్తలేదు. ఆయన పోయాక వారసుల పత్రం కోసం మండలాఫీసుకు వెళ్లినప్పుడు కూడా ఎత్తలేదు. అందుకే పత్రంలో దేవకమ్మ, ధర్మేంద్ర, రెండే పేర్లున్నాయి.

ఎస్తేరు దారిలో అలివేలమ్మకు విడమర్చి చెప్పింది. తండ్రి సంపాదించిన ఇల్లు, వీలునామా లేదు. కొడుక్కి ఎంత హక్కో కూతురికీ అంతే. ఆమె సంతకం లేకుండా కొంటే రేపో, పదేళ్లకో ఆమె గాని ఆమె పిల్లలు గాని వచ్చి అడగొచ్చు, కోర్టు వినక తప్పదు.

"ఆ జామకాయ సంగతి అడక్కుండా ఉంటే బాగుండు గదమ్మా" అంది అలివేలమ్మ ఉక్రోషంగా.

"అట్లే కానీ. ఇల్లు నీదనుకుని పదేండ్లుండి, అప్పుడు అడిగించుకో." ఎస్తేరు కూడా కటువైన మనిషే, తీపి మాటలు ఆమెకు చేతకావు.

విషయం చెబితే ధర్మేంద్ర మండిపడ్డాడు. మోసగాడు కాదు పాపం, నిజంగానే అర్థం కాలేదు. "మా నాయన పిండం పెట్టేసినాడు మేడమ్. ఆ పిల్ల మా పాలిట సచ్చిపొయింది. సచ్చిపొయినోళ్లకు సంతకమేంది?"

"పిండం పెడితే మనిషి పోదు నాయనా. సంతకం పెట్టే చెయ్యి వడమాలపేటలో బంగారట్లా ఉండాది" అంది ఎస్తేరు.

గోడకు ఆనుకుని కూర్చున్న దేవకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

బ్రోకరు వకీలు వెంటనే ఉపాయం చెప్పాడు. ఎవరొచ్చి అడిగినా తనదే పూచీ అని ధర్మేంద్ర ఒక కాగితం రాసిస్తాడు, ధర కూడా తగ్గిస్తాడు, గడువులోపు రిజిస్ట్రేషన్ అయిపోతుంది. కాదంటే ఇంకొకరు కొనడానికి కాచుకున్నారు. అలివేలమ్మ మెత్తబడింది. అటు చూస్తే లాడ్జివాడు ఇటుకలు దింపేశాడు, ఇటు చూస్తే వచ్చిన ఇల్లు చెయ్యి జారేట్టుంది. ఎస్తేరును అడిగితే ఒకే మాట చెప్పింది. "నువ్వు కొంటే కొను. నేను మాత్రం బాగుండాదని సంతకం పెట్టను. నా ఫీజు వెనక్కి ఇచ్చేస్తా." అన్నట్టే డబ్బు తీసి బల్ల మీద పెట్టింది.

ఆ డబ్బు వైపు అలివేలమ్మ చాలాసేపు చూసింది. ఆ నెలలో ఆమె కలిసిన వాళ్లందరూ ఇల్లు కొనమన్నవాళ్లే. కొంటే వాళ్లకేదో ఒకటి వస్తుంది. ఈమెకు మాత్రం చేతికి వచ్చింది కూడా పోతోంది, అయినా తొణకడం లేదు. ఇంటికొచ్చి పుస్తకం మీద వంగి చదువుకుంటున్న నవీనను చూసింది. రేపు ఈ పిల్ల ఏదో చేసిందని, ఏ ఆఫీసులోనో కాగితం మీద ఈమె లేదని రాసేస్తే ఎట్లా ఉంటుంది అనిపించింది. మర్నాడు పూలకు వెళ్లకుండా నేరుగా మేడ ఎక్కింది.

"పదమ్మా, వడమాలపేట పోదాం. ఇల్లు పోతే పోనీ. దొంగతనంగా మాత్రం కొనను."

ఎస్తేరు మొదటిసారి నవ్వింది. ఇద్దరూ పుత్తూరు బస్సెక్కారు.

వడమాలపేటలో ధరణిని కనుక్కోవడం కష్టం కాలేదు. మొగుడు పంపుసెట్ల మోటార్లు బాగుచేస్తాడు, ఆమె పక్కనే ఇడ్లీ అంగడి పెట్టుకుంది. ముప్పై నాలుగేళ్ల గట్టి మనిషి. తిరుచానూరు అనగానే చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"నాయన పొయినప్పుడు వచ్చినా. వీధి మొగదల్లోనే ఆపేసినారు. మొగం చూడనియ్యలా." అంతకు మించి ఏడవలేదు. "ఇప్పుడు సంతకానికి మాత్రం నేను బతికొచ్చినానా?"

దానికి ఎస్తేరు జవాబు చెప్పింది. "నువ్వు ఎప్పుడూ బతికే ఉండావమ్మా, కాగితం తప్పు చెప్పింది. ఒక మాట. నేను ఈ అలివేలమ్మ లాయర్ని, నీ లాయర్ని కాదు. నా మాట విని సంతకం పెట్టొద్దు. నీ వాటా ఎంతో వేరే వకీల్ని అడిగి తెలుసుకో. ఆలోచించుకుని చెప్పు."

తిరుగు బస్సులో అలివేలమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "నా లాయరువి అయ్యుండి ఆమెకు దోవ చూపిస్తావేంటికమ్మా? అడ్డం తిరిగితే?"

"తిరిగితే తిరగనీ. అన్నీ తెలిసి పెట్టిన సంతకమే నిన్ను కాపాడేది. బతిమాలి పెట్టించుకున్న సంతకం నాలుగు రోజులు నిలవదు."

తను ఎంచుకున్నది ఎట్లాంటి మనిషినో అలివేలమ్మకు ఆ బస్సులో పూర్తిగా అర్థమైంది. ఇల్లు దక్కకపోయినా సరే, ఈ ఎంపిక తప్పు కాలేదనుకుంది.

పన్నెండు రోజులు కబురు లేదు. అగ్రిమెంటు గడువు ఇంకో వారం ఉందనగా ధరణి తనే వచ్చింది, పుత్తూరులో వకీల్ని కలిసి మరీ. అమ్మిన డబ్బులో తన వాటా ఇస్తే సంతకం పెడతానంది, ఊరికే వదులుకోనంది. "మా నాయన కష్టం అది. ఆయన నన్ను వద్దనుకున్నాడు, నేను ఆయన్ని వద్దనుకోలా." ధర్మేంద్ర రెండు రోజులు గొణిగి, వేరే దారి లేక ఒప్పుకున్నాడు.

రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసు పంచలో ఎస్తేరు అందర్నీ కూర్చోబెట్టి, దస్తావేజు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివింది. రాసిన ప్రతి దస్తావేజునూ, వేలిముద్ర వేసేవాళ్లకు కూడా తెలియాలని, అట్లా చదివి వినిపించనిదే ఆమె సంతకాలకు పంపదు. పక్కన దస్తావేజులు రాసే లేఖర్లు నవ్వుకుంటున్నా పట్టించుకోలేదు. "కీర్తిశేషులు మునెయ్య గారి భార్య దేవకమ్మ, కుమార్తె ధరణి, కుమారుడు ధర్మేంద్ర" అని చదివేటప్పుడు ముసలామె తలెత్తింది. భర్త పేరు పక్కన ఆ పేరు ఆమె చెవిన పడి పద్నాలుగేళ్లు.

లోపల సబ్ రిజిస్ట్రారు అందర్నీ అడిగినట్టే, ధరణిని చూపించి దేవకమ్మనూ అడిగాడు. "ఈమె ఎవరమ్మా నీకు?"

దేవకమ్మ కొడుకు వైపు చూసింది. ధర్మేంద్ర కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "నా బిడ్డ సామీ. పెద్దబిడ్డ" అంది. ఒకసారి అడిగితే రెండుసార్లు చెప్పింది, గుమాస్తా రాసుకున్నాక మూడోసారి కూడా చెప్పింది.

వేలిముద్రలయ్యాయి, సంతకాలయ్యాయి. బయటికొచ్చాక ధర్మేంద్ర ఇంటి తాళంచెవి తెచ్చి అలివేలమ్మ చేతిలో పెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. ధరణి బస్సుకు బయల్దేరబోతోంది. తల్లీ కూతుళ్లు ఇంతవరకూ ఒకరితో ఒకరు ఒక్క మాట ఆడలేదు. అప్పుడు దేవకమ్మ అలివేలమ్మ దగ్గరికొచ్చి, బొటనవేలి సిరా చీరకు తుడుచుకుంటూ నిలబడింది.

"అమ్మణ్ణీ, ఇల్లు నీదయిపొయింది, అడక్కూడదు. ఈ ఒక్క పూట ఆ పొయ్యి కాడ నా బిడ్డకు ఇంత వండి పెట్టుకోనిస్తావా? చిత్తూరు పొయినాక నా వంట గాదు, నా ఇల్లు గాదు."

గురువారం అలివేలమ్మ గృహప్రవేశం పెట్టుకుంది. కొన్న ఇంట్లో మొదట తన పాలు పొంగాలి, అంతకుముందు వేరేవాళ్లు పొయ్యి రాజెయ్యకూడదు. శాస్త్రం పట్టింపు ఆమెకు మా చెడ్డ ఎక్కువ. దిక్కుతోచక ఎస్తేరు వైపు చూసింది.

"నన్నేంటికి చూస్తావు?" అంది ఎస్తేరు సంచీలో కాగితాలు సర్దుకుంటూ. "ఇల్లు నీది. నీ ఇంట్లో ఎవరు వండాలో చెప్పేదానికి లాయరక్కర్లేదు."

నీది అన్న మాట ఆ రోజు చాలామంది అన్నారు. అప్పుడే అలివేలమ్మకు అది నిజమనిపించింది. తాళంచెవి తీసి ముసలామె సిరా చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఒక పూటేంటికి పెద్దమ్మా, గురువారం దాకా ఉండండి. బిడ్డను తీసుకునిపొయి ముందు అన్నం పెట్టుపో."

సంతకం పెట్టేటప్పుడు కూడా కంట తడి పెట్టని ధరణి, తల్లి తన వైపు తిరిగి "ఏం తింటావు మే?" అని అడగ్గానే, ఆఫీసు మెట్ల మీదే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.